రాలిన కాయ ఎవరిది

సుబ్బరాయప్పతో వాదం పెట్టుకోవడం కంటే ఎద్దుతో పెట్టుకోవడం మేలని బాగేపల్లి బస్టాండులో అందరికీ తెలుసు. ఎద్దయితే కనీసం మధ్యలో నెమరు వేస్తుంది. ఆయనకు ఒక పాత డీజిల్ కారుంది, బాడుగకు తోలుతాడు. దగ్గర్లోనే సొంతూళ్లో కొంచెం చేనుంది, కొడుకు మంజునాథ చూసుకుంటాడు. మిగిలిన పొద్దంతా టీ హోటల్లో కూర్చుని గవర్నమెంటును సరిచేస్తుంటాడు.

కన్నడ సీమలో చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. ప్రతి చిన్న పనికీ జనం అటే పరుగెత్తేవాళ్లు. బండ్లు పెరిగాయి, హైవే పక్కన చింతచెట్ల ఆకులకు కూడా మసి పట్టింది. సుబ్బరాయప్పకు అది తన బండి పొగ కూడా అని తెలుసు. తెలిసే మండిపడేవాడు.

"బండ్లన్నీ గింజల నూనెతోనే నడపాలని గవర్నమెంటు రూలు చేయల్లప్పా. ఊరికే బతిమాలితే ఎవడూ మారడు," అన్నాడొకరోజు.

పక్క పొలం బయ్యప్పకు రూలు అన్న మాటే గిట్టదు. "నా ట్రాక్టరు ఏం తాగల్లో వాళ్లు చెప్తారా? రేపు నన్ను గూడా టీ మానేసి అంబలి తాగమంటారు."

"తాగితే నీకే మంచిది. హెల్మెట్టు రూలు వచ్చినంకనే గదా నువ్వు నెత్తిన పెట్టుకునింది?"

"అది గూడా పోలీసు కనపడితేనే."

హోటలంతా నవ్వింది. కానీ ఆ ఎండాకాలం చిక్కబళ్ళాపురం నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చి సరిగ్గా సుబ్బరాయప్ప మాటే చెప్పాడు. కన్నడలో హొంగె అన్నాడు, అంటే మన కానుగ. రైతులతో సొసైటీ పెట్టి గింజలు కొంటారు, నూనె తీసి శుద్ధి చేసి డీజిల్లో కలుపుతారు, ముందుముందు ఇది రూలే అవుతుంది అన్నాడు. మొదటి మెంబరుగా సుబ్బరాయప్ప పేరే రాసుకున్నారు. తాలూకాలో ఆ నూనెతో నడిచే మొదటి బండి ఆయనదేనన్నారు. ఆయన ఆనందం పట్టలేక హోటల్లో అందరికీ టీ పోయించాడు, బయ్యప్పకు రెండుసార్లు.

ఆ పక్క ఊళ్లలో కానుగకు ఒక పద్ధతుంది. చెట్టు ఎవరి గట్టు మీదుంటే వాళ్లది. ఆకు కొట్టి ఎరువుగా మడిలో తొక్కించుకోవచ్చు, కొమ్మలు నరుక్కోవచ్చు. ఎండలకు రాలిన కాయ మాత్రం ఏరుకున్నవాళ్లది. చేను గల రైతు వంగి రాలిన కాయ ఏరితే, ఇంట్లో పొయ్యి వెలగలేదా అని నవ్వుతారు. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, దాని మీదే తిమ్మక్క బతుకుతోంది.

తిమ్మక్కకు మొగుడు లేడు, సెంటు భూమి లేదు. మాఘం దాటినప్పటి నుంచి గట్టు గట్టూ తిరిగి కాయ ఏరి, కర్రతో కొట్టి, గింజ తీసి చింతామణి నుంచి వచ్చే వ్యాపారికి అమ్ముతుంది. కూలి దొరకని నెలల్లో ఆమెకు అదే అన్నం. ఈ ఏడు ఆ వ్యాపారి రాలేదు. గింజంతా సొసైటీకే పోతుందని విని ఈ దారే మానుకున్నాడు.

ఒక పొద్దున సుబ్బరాయప్ప చేనికి పోయేసరికి గట్టు పొడుగునా ముళ్లకంప. ఇవతల గంప పట్టుకుని తిమ్మక్క నిలబడి ఉంది. అవతల మంజునాథ ఇంకా కంప లాగుతున్నాడు.

"ఏందిరా ఇది?"

"సొసైటీ కొంటాండాది గదా నాయనా. మన చెట్టు, మన కాయ. నువ్వే గదా కానుగ బంగారమని చెప్పింది."

తిమ్మక్క మెల్లగా అడిగింది. "అప్పా, రాలినదానికి గూడా కంప వేస్తారా?"

సుబ్బరాయప్ప వాదం పెట్టుకోకుండా కంప దగ్గరికి నడిచాడు. బయ్యప్ప చూసుంటే బాగేపల్లంతా చాటింపు వేయించేవాడు. ఆయన పంచె ఎగగట్టి కంప తీయడం మొదలుపెట్టాడు. మంజునాథ సాయం రాలేదు, అడ్డమూ రాలేదు, మొహం తిప్పుకుని పోయాడు. తీసిన తర్వాత తలెత్తి చూస్తే, బయ్యప్ప గట్టు తప్ప ఊరి గట్లన్నిటి మీదా కంపే. ఆ గట్ల వాళ్లందరికీ కానుగ సంగతి హోటల్లో కూర్చోబెట్టి చెప్పింది తనే.

"నువ్వేరిన గింజ సొసైటీకే తెచ్చేయమ్మా. నేను మాట్లాడతా," అన్నాడు.

శనివారం పంచాయితీ ఆఫీసు ముందర షామియానా వేశారు, తూకం పెట్టారు. సుబ్బరాయప్ప కారుకు పూలదండ కట్టారు. ఊరి రైతులంతా కుర్చీల్లో కూర్చున్నారు. తిమ్మక్క గోనెసంచి దించగానే ఆఫీసరు అడిగాడు, "పహణీ ఎక్కడమ్మా?"

పహణీ అంటే భూమి ఫలానావాళ్లదని తాలూకాఫీసు ఇచ్చే కాగితం. అది లేనివాళ్ల దగ్గర గింజ కొనడానికి లేదట. దొంగ కాయ రాకుండా పెట్టిన రూలట.

"నా పేరు మీద తూకం వేయండి సార్. పైకం ఆమెకే ఇస్తా," అన్నాడు సుబ్బరాయప్ప.

"నీ పేరెందుకప్పా?" అంది తిమ్మక్క. "వంగింది నా నడుము. ఈ ఏడు నువ్విస్తావు. రేపు నీ కొడుకు ఇస్తాడా?"

మంజునాథ ముందు వరసలోనే ఉన్నాడు. తల దించుకున్నాడు.

సుబ్బరాయప్పకు కోపం నెత్తికెక్కింది. "అయితే మీ నూనె నా బండికి వద్దు సార్!" అని దండ తెంపి పారేసి బయటికొచ్చాడు. వెనకే బయ్యప్ప వచ్చాడు.

"నేను ముందే చెప్తి గదా, రూలంటే ఇట్లే ఉంటాదని."

"నువ్వు చెప్పిందే నిజం బయ్యప్పా. గవర్నమెంటు చేతికి ఏదీ ఇయ్యకూడదు."

ఎన్నేళ్ల వాదంలోనో మొదటిసారి ఓడిపోయాడు. గెలిచిన బయ్యప్పకు అదేమీ రుచించినట్టు లేదు. ఇంతలో తిమ్మక్క వచ్చింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాడు సుబ్బరాయప్ప. ఆమె కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

"నూనె వద్దని నిన్నెవరు చెప్పమన్న్యారు? నువ్వు అలిగి పోతావు, డీజిల్ పోసుకుంటావు. నేను ఈ గింజ యాడ పోసుకోవల్ల? చింతామణాయన రాడు, వీళ్లు కొనరు. బండ్లన్నీ ఈ నూనెతోనే నడవల్లని నేనూ అంటా. ఆ రూల్లో నన్ను గూడా రాయమను. అంతే గాని వాదం గెలిస్తే ఎగిరేది, ఓడితే పారిపోయేది ఏం మనిషివప్పా నువ్వు?"

ఆయన్ను అట్లా తిట్టినవాళ్లు అంతవరకు లేరు. తిట్టులో తప్పు వెతికాడు. దొరకలేదు. లోపలికి నడిచాడు.

"సార్, పహణీ లేనివాళ్లు ఏరిన కాయ గూడా కొనేటట్ల రాయండి."

"పైవాళ్లకు రాసి చూస్తాను. కానీ కాయ వాళ్లదేనని ఎవరు ఒప్పుకుంటారు?" అని ఆఫీసరు పెన్ను తీశాడు. "ఈమె ఏరిన చెట్లు ఎవరివి?"

షామియానా కింద అందరూ చెవులు రిక్కించారు. టీ హోటల్లో ఎన్ని మాటలైనా అనవచ్చు, మరుసటి రోజు మార్చుకోవచ్చు. ఇది అట్లా కాదు. ఇప్పుడు చెబితే తను పోయాక మంజునాథ కూడా దానికి కట్టుబడాలి. కొడుకు తల ఎత్తి, వద్దన్నట్టు చూశాడు.

"చెట్లు మావి," అన్నాడు. "రాలింది ఆమెది. నేనూ, నా వెనక మా ఇంట్లో వాళ్లూ అడ్డం రాము. నేను సంతకం పెడతా."

మంజునాథ లేచి వెళ్లిపోయాడు. పిలవాలనిపించింది, పిలవలేదు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు ఆఫీసరు.

కుర్చీలు కిర్రుమన్నాయి గాని చేతులు లేవలేదు. కాసేపటికి చివరి వరస నుంచి బయ్యప్ప విసుక్కుంటూ చెయ్యెత్తాడు.

"నా గట్టు గూడా రాసుకోండి. మీ రూలు కోసం కాదు. మా నాయన కాలం నుంచీ అట్లనే ఉండాది."

అంతే, మరెవ్వరూ ఎత్తలేదు. పైనుంచి మాట వచ్చేదాకా ఈ రెండు గట్ల కాయ మటుకు తీసుకుంటానని ఆఫీసరు ఒప్పుకున్నాడు. సంతకాలయ్యాక సుబ్బరాయప్ప తిమ్మక్క దగ్గరికొచ్చాడు. ఇంతసేపటికి కొంచెం గర్వం కూడా వచ్చింది.

"రెండు గట్లు వచ్చె గదా తిమ్మక్కా. చాలునా?"

ఆమె ఊరి చేలవైపు చూసింది.

"చాలదప్పా," అని గోనెసంచి తూకం మీదికి ఎత్తింది.