ములాఖత్ గదిలో అరుగు

తాపీ మేస్త్రి బుల్లియ్య ముప్పై ఏళ్లలో ఇళ్లు కట్టాడు, రైసుమిల్లులు కట్టాడు, ద్రాక్షారామం దారిలో రెండు కల్యాణమండపాలూ కట్టాడు. జైలు కట్టడం మాత్రం ఇదే మొదలు. పుష్కరాలు వెళ్లిన మరుసటి ఏడు కాలవ పక్కన కొత్త జైలు లేస్తుంటే, అందులో ములాఖత్ గది పని అతనికొచ్చింది. ఖైదీలను చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడే గది అది.

పని ఒప్పుకున్న రోజునే సూపరింటెండెంటు గంగాధర్ గారితో ఉన్నమాట చెప్పేశాడు.

"పాత జైల్లో మా తమ్ముడున్నాడండి, పోతురాజు. నీళ్ల వంతు తగాదాలో మా పక్కింటి అమ్మిరాజుగారిని పారతో కొట్టాడు. ఇంకో ఎనిమిది నెలల్లో వదిలేస్తారు. తర్వాత మీకు తెలిస్తే బాగోదని చెబుతున్నానండి."

"మంచిదేగా మేస్త్రిగారూ. అందరూ ఇక్కడికే వస్తారు. మీవాడు కూర్చునే గదంటే మరీ శ్రద్ధగా కడతారు" అని నవ్వారాయన.

చెప్పని మాట ఇంకొకటుంది. ఏడాదిగా పోతురాజు అన్న మొహం చూడటం లేదు. పాత జైల్లో రెండు వరసల ఇనపవల, మధ్య గజం జాగా. ఇటు ముప్పైమంది, అటు ముప్పైమంది ఒక్కసారే అరవాలి. "ఒంట్లో బాగుందా" అని అడిగినా తిట్టినట్టే ఉంటుంది. ఆఖరుసారి బుల్లియ్య "వదిలేశాక ఇంటికొస్తావా?" అని గొంతు చించుకుంటే గదిలోవాళ్లంతా తిరిగి చూశారు. పోతురాజు మొహం మాడ్చుకుని, "రాను!" అని అంతకంటే గట్టిగా అరిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా "రానంటున్నాడండి" అనే కబురే. ఇంటికి రాకపోతే వాడెక్కడికి పోతాడు? ఏ దిక్కూ లేక తిరిగేవాడు మళ్లీ ఎవరిమీద చెయ్యెత్తుతాడో! బుల్లియ్యకి ఇదే బెంగ.

కొత్త గది ప్లానులో వల లేదు గానీ, పొడుగాటి సిమెంటు బల్ల ఉంది. అటొకరు, ఇటొకరు కూర్చోవాలి. బుల్లియ్యకి అదీ నచ్చలేదు. ఏం చెయ్యాలో తోచలేదు.

సోమవారం ఒంటిపూట భోజనం చేసి గుమ్మంలో నడుం వాల్చాడు. బయట అరుగు మీద భార్య సత్యకుమారి గోంగూర వలుస్తోంది. పక్కన ఎదురింటి చిట్టెమ్మ కూర్చుని కోడలి సంగతంతా వెళ్లబోసుకుంటోంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోవడం లేదు. చూపంతా రోడ్డు మీదే. మధ్యలో చిట్టెమ్మ, "నా తప్పూ ఉందిలే" అనేసి కళ్లు తుడుచుకుంది.

ఆవిడ వెళ్లాక బుల్లియ్య లేచి కూర్చున్నాడు.

"చూశావా! మనవాళ్లు ఎదురెదురుగా కూర్చునేది రెండింటికే. పెళ్లిచూపులకీ, పంచాయితీకీ. రెండుచోట్లా ఎవరూ నిజం చెప్పరు."

"పెళ్లిచూపుల్లో మీరు చెప్పిన అబద్ధం ఏంటో?"

"నువ్వు చేసిన ఉప్మా బాగుందన్నాగా!"

సత్యకుమారి గోంగూర కాడ విసిరింది.

మర్నాడు జైలు ఆఫీసులో గంగాధర్ గారి ముందు బల్లకి బదులు అరుగు మాట ఎత్తగానే హెడ్ వార్డరు అప్పాజీ ఇంతెత్తున లేచాడు. "అరుగేంటి బాబూ? పేకముక్కలు కూడా ఇమ్మంటావా? పక్కపక్కన కూర్చోబెడితే బ్లేళ్లూ గంజాయీ చేతులు మారిపోవూ?"

"మీరోసారి ఈ బల్లకి అటు కూర్చోండి అప్పాజీగారూ. నేనిటు కూర్చుంటాను. అయ్యగారు చూస్తుంటారు."

ఇద్దరూ కూర్చుని కాసేపు వానల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత అప్పాజీ ఇబ్బందిగా దగ్గి, ఒళ్లోంచి బీడీకట్ట తీసి బల్లమీద పెట్టాడు.

"ఎప్పుడిచ్చారు మేస్త్రిగారూ?" అన్నారు గంగాధర్ గారు.

"మీరు చూస్తుండగానేనండి."

ముగ్గురూ వరండాలోకి నడిచారు. బుల్లియ్యా అప్పాజీ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు, గంగాధర్ గారు ఎదురుగా నిలబడ్డారు. బుల్లియ్య మూడుసార్లు కట్ట ఇవ్వబోయాడు, మూడుసార్లూ దొరికిపోయాడు.

"బల్లకి చాటుంటుందండి, అరుగుకి ఉండదు. పదిమందిని కూర్చోబెట్టి ఎదురుగా వార్డరుకి కుర్చీ వేస్తే ఇరవై చేతులూ కనిపిస్తాయి. అరవక్కర్లేదు కూడా. గుళ్లో దేవుడికైనా మెల్లిగానే చెప్పుకుంటాం కదండీ."

గంగాధర్ గారు పెన్ను తీసి ప్లానులో బల్ల కొట్టేశారు. మనిషికీ మనిషికీ మూరెడు ఎడం ఉండాలన్నారు. అప్పాజీ కూడా, "అంచు గట్టిగా కట్టు మేస్త్రీ. ఎవడూ ఇటిక పీకేలా ఉండకూడదు" అన్నాడు. బీడీకట్ట మాత్రం తిరిగివ్వలేదు.

గది తెరిచిన రోజున తమ్ముణ్ణి పిలిపించమని బుల్లియ్య అడిగాడు. అప్పాజీ లోపలికెళ్లి పోతురాజుతో, "మీ అన్న అరుగు కట్టాడురా. మాట్లాడకపోతే మానేయ్, వచ్చి కూర్చో" అన్నాడు.

పోతురాజు వచ్చాడు. మూరెడు ఎడంగా కూర్చున్నాడు. ఎదురుగా పెరట్లో ఎవరో అరటి పిలకలు నాటుతుంటే ఇద్దరూ అటే చూస్తున్నారు. పోతురాజు తాపీ పని నేర్చుకుంది అన్న దగ్గరే. ఊరుకోలేక అరచేత్తో అరుగు నిమిరాడు.

"నున్నగా వచ్చింది. ఆ చివర వాలు తప్పింది."

"తప్పదేంటి? రసమట్టం పెట్టి వాలు చూసేవాడు ఇక్కడొచ్చి కూర్చున్నాడాయె."

పోతురాజు నవ్వాపుకున్నాడు. బుల్లియ్య తనకే వినపడనంత మెల్లిగా అడిగాడు. "ఇంటికొస్తావా?"

"రావాలనే ఉంది అన్నయ్యా." పోతురాజు చూపు పిలకల మీదనుంచి తిప్పలేదు. "నేను వీధిలోకొస్తే అమ్మిరాజుగారింట్లో తలుపులేసుకోరూ? ముందు ఆయన్ని ఒకసారి ఇక్కడికి తీసుకురా. ఊళ్లో నేనెదురొస్తే భయపడతాడు. ఇక్కడ వార్డరుంటాడు కాబట్టి ఆయనకి ధైర్యంగా ఉంటుంది. తప్పయిపోయిందని చెప్పుకుంటాను. ఆయన రమ్మంటేనే వస్తాను."

జైలు గోడంటే లోపలివాణ్ణి ఆపడానికేనని బుల్లియ్య ఇన్నాళ్లూ అనుకున్నాడు. దెబ్బతిన్న మనిషి ధైర్యంగా వచ్చి కూర్చోడానికి కూడా పనికొస్తుందా? ఏమో, చూడాలి అనుకున్నాడు.

అమ్మిరాజుకి ఎడంచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. బుల్లియ్య చెప్పిందంతా విని ఇంట్లోకి వెళ్లిపోయాడు. మూడు రోజులు గడిచాయి. నాలుగోరోజు పొద్దున్న బుల్లియ్య తులసికోటలో నీళ్లు పోస్తుంటే దడి అవతల నుంచి పిలిచాడు.

"వస్తాను బుల్లియ్యా. కానీ వాడి పక్కన కూర్చోను."

"అలాగేనండి."

"వార్డరు పక్కన నాకో కుర్చీ వేయించు."

"వేయిస్తానండి."

"బస్సెన్నింటికి?"

"ఎనిమిదిన్నరకండి."

"మీ ఆవిణ్ణి పులిహోర కట్టమను. మనిద్దరికే." అమ్మిరాజు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "సర్లే, ముగ్గురికి కట్టమను. వాణ్ణి తినమని మాత్రం నేను చెప్పను, ఆ!"