వేళ్లకు అందని గుండె

ఇంట్లో వంట భర్తకు అప్పజెప్పి, సైన్స్ టీచర్ సెలవులన్నీ ఒక అట్ట ముందే కూర్చుంది. ఆమె ఎనిమిదో తరగతిలో చూపులేని అమ్మాయి ఒకతె ఉంది. ఆ పిల్ల తడిమి తెలుసుకునేలా గుండె బొమ్మ చేయాలని ఆమె పట్టుదల. గరుకు కాగితంతో గదులు కత్తిరించింది. రక్తనాళాలకు మందపాటి దారం అతికించింది.

బడి తెరవగానే లెక్కల టీచర్‌కు చూపించింది. ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్లలా ఉంటారు.

"ఎలా ఉందే? ఉన్నదున్నట్టు చెప్పు."

"అదిరిపోయిందక్కా!"

క్లాసులో ఆ పిల్ల వేళ్లు అట్టంతా తిరిగాయి. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ఆగాయి.

"అర్థమైందా తల్లీ?"

"అర్థమైంది టీచర్."

మర్నాడు హెడ్మాస్టర్ క్లాసుకొచ్చి ఆ పిల్లనే లేపారు. గుండెలో రక్తం దారి చెప్పమంటే, ఊపిరితిత్తుల్లోంచి బయల్దేరిన రక్తాన్ని ఒంట్లోకి పంపకుండానే తిప్పి తిప్పి మళ్లీ ఊపిరితిత్తులకే చేర్చింది. "దీని గుండె రివర్స్ గేర్‌లో ఉంది సార్!" అన్నారెవరో. క్లాసంతా గొల్లుమంది.

ఆ పిల్ల బడి మానేసింది. టీచర్ వాళ్లింటికి వెళ్లింది.

"అర్థం కాలేదని అప్పుడే చెప్పొచ్చుగా అమ్మా?"

"దారాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి టీచర్. మీరు నా కోసం అంత కష్టపడ్డారు. ఏమని చెప్పను?"

సైన్స్ టీచర్ నేరుగా బడికి వచ్చింది. స్టాఫ్ రూములో లెక్కల టీచర్‌ను నిలదీసింది.

"ఆ దారాలు చూడగానే నాకూ అనుమానం వచ్చిందక్కా. నువ్వు మురిసిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

"నువ్వు మొహమాటపడ్డావు. నవ్వులపాలైంది ఆ పిల్ల."

మర్నాడు కొత్త అట్ట తయారవుతుంటే, లెక్కల టీచర్ పిలవకుండానే వచ్చి కళ్లకు చున్నీ కట్టుకుని తడిమింది.

"ఇక్కడ రెండు దారాలూ కలిసిపోయాయి. వేలు దారి తప్పుతోందక్కా."

సైన్స్ టీచర్‌కు మనసు చివుక్కుమంది. అయినా మారుమాట్లాడకుండా దారం పీకేసింది.

ఎంతో నచ్చజెప్పాక ఆ పిల్ల మళ్లీ వచ్చింది. అట్ట ముందు పెట్టినా చేతులు ఒళ్లోంచి తీయలేదు.

"ఎవరైనా ఉన్నారా టీచర్?"

"మనిద్దరం, లెక్కల టీచర్. అంతే."

మెల్లగా తడిమింది. "మంచి రక్తానిది నున్నటి దారం, చెడు రక్తానిది ముడుల దారం. తెలుస్తోంది. కానీ..."

"చెప్పు తల్లీ."

"కింది గదులు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి."

సైన్స్ టీచర్ కత్తెర అందుకుంది. లెక్కల టీచర్ ఆ పిల్ల వేలు పట్టుకుని, ఎక్కడో సరిగ్గా చూపించమంది.

బొమ్మ కుదిరింది. క్లాసులో మాత్రం ఎవరెంత అడిగినా, ఆ ఏడంతా ఆ పిల్ల జవాబు చెప్పడానికి లేవలేదు.