అయిదు నిమిషాల చిప్ప

మా కాలేజీ కొట్లాట గురించి మీరు ఎవరి దగ్గర ఏం విన్నా సరే, ఒక్క సంగతి మాత్రం నా దగ్గర వినాలి. ఆ రోజు ఇత్తడి కాఫీ కెటిలుతో పదకొండు మందిని పడగొట్టినవాణ్ణి నేను. పన్నెండోవాడు కెటిలును చూసి తనంతట తనే పడిపోయాడు. నేను చదివింది అయిదో తరగతి, అదీ వానాకాలం చదువు. అయినా ఆ కాలేజీలో నేను అడుగుపెట్టని గది లేదు. మేష్టర్లకి రోజూ రెండుపూటలా కాఫీ పోసేవాణ్ణి. కొత్తపేట దాటాక కాలువగట్టు మీద ఒక జమీందారుగారు సరదాపడి పెట్టి, తొమ్మిదేళ్ళకి సరదా తీరి మూసేసిన కాలేజీ అది. నా ప్రతాపం అలా ఉంచి, నూకయ్య సంగతి చెబుతాను.

ఆ శుక్రవారం పొద్దున్న నూకయ్య హాస్టలు వరండాలో నెత్తురు కడుగుతున్నాడు. ముందురోజు సాయంత్రం చర్చాసభ నోటీసు గోడకి అంటించగానే, దాని కిందే ఇద్దరు కుర్రాళ్ళు కలబడ్డారు. ఒకడి చెవితమ్మె తెగింది. ఆరిన నెత్తురు గచ్చును పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ముందు నీళ్ళు పోసి నాననివ్వాలి, తరువాత బూడిద జల్లి కొబ్బరిపీచుతో అడ్డంగా రుద్దాలి. ఏడేళ్ళ నౌకరీలో అతను నేర్చిన విద్యల్లో అదొకటి.

నలభై అయిదేళ్ళ మనిషి. ఛాతీ మీదా, ముంజేతుల లోపలి వైపునా కొబ్బరిమాను గీరిన నల్లటి కాయలు. ఒకప్పుడు దింపు కూలీ. రోజుకి అరవై చెట్లెక్కి కాయ దింపేవాడు. ఒకసారి జారి పడి ఎడమకాలు రెండంగుళాలు పొట్టిదైంది. ఆ పడటం పడటం మోకాలి లోతున భూమిలో దిగబడ్డాడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి. మొదట చెప్పింది నేనే. కాలు పోయాక జమీందారుగారు జాలిపడి ఖాకీ చొక్కా ఇప్పించి కాలేజీలో పెట్టారు. గదులు ఊడవడం, కడవల్లో నీళ్ళు నింపడం, గంట కొట్టడం అతని పని.

గంటంటే గంట కాదు, రైలుపట్టా ముక్క. కోనసీమలో రైలు లేదు గాని మా కాలేజీలో రైలుపట్టా ఉండేది. యుద్ధం రోజుల్లో కోటిపల్లి లైను పీకేసినప్పుడు మూరెడు ముక్క ఎలాగో గోదావరి దాటి ఇవతలికొచ్చింది. సభ జరిగే పెద్దహాలు గుమ్మం పక్కనే దాన్ని గొలుసుతో వేలాడదీశారు. ఇనుప కడ్డీతో ఒక్కటి వేస్తే కాలువ అవతల గేదెలు కూడా తలెత్తేవి.

చర్చాసభల్లో మాత్రం నూకయ్యకి ఇంకో ఉద్యోగం ఉండేది. దాని వెనక చిన్న కథ ఉంది. సభలు పెట్టిన మొదటి ఏడు ఒక మేష్టరుగారు చేతిగడియారం చూసి, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలని లెక్కకట్టేరు. తన కులంవాడికి అరనిమిషం ఎక్కువిచ్చారని కుర్రాళ్ళు ఆ గడియారాన్ని పగలగొట్టారు. గడియారం అప్పటికి ఆయన చేతికే ఉంది. మణికట్టు అతుక్కోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడు నూకయ్య ఒక కొబ్బరిచిప్ప తెచ్చాడు. గాజుపెంకుతో నున్నగా గీసి, ఎర్రగా కాల్చిన దబ్బనంతో అడుగున చిల్లు పొడిచాడు. బకెట్టు నీళ్ళలో వదిలితే సరిగ్గా అయిదు నిమిషాలకి మునిగేది. ఆ ఒక్క చిప్ప కుదరడానికి నలభై చిప్పలు పాడుచేశాడు. చిప్పకి కులం లేదు గనక అందరూ ఒప్పుకున్నారు.

అదే రూలయింది. కర్రలూ గొడుగులూ గుమ్మం బయట పడెయ్యాలి. చిప్ప తేలుతున్నంతసేపు వేదిక మీదున్నవాడు ఏం మాట్లాడినా వినాలి. మునగగానే నూకయ్య పట్టా మీద ఒక్కటి కొడతాడు. ఆ తరువాత ఎవరైనా ఎక్కి జవాబు చెప్పొచ్చు. బయట ఎంత నెత్తురు కారినా, ఆ హాల్లో మాత్రం నాలుగేళ్ళు చెయ్యి లేవలేదు.

నెత్తురు కడిగిన బకెట్టు బోర్లిస్తుంటే ప్రిన్సిపాలుగారు కబురుపెట్టారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. దెబ్బలు తిన్న పిల్లలకి తన చేత్తోనే కట్టు కట్టేవారు. ఆ పొద్దున్న కూడా ఆయన గోళ్ళ సందుల్లో టింక్చరు మరకలున్నాయి.

"ఇవాళ ఆ లాజరు మాట్లాడతాడట కదా," అన్నారు.

"ఆయ్, నోటీసులో పేరుందండి."

"హాస్టల్లో అందరికీ ఒకే బంతిలో భోజనం పెట్టాలంటాడు. అనడం వరకైతే ఫరవాలేదు. ఎవరెవరు ఏమేం అన్నారో పేర్లతో సహా చెబుతాడట. చదువుకోడానికొచ్చిన పిల్లలు నూకయ్యా. మనసు నొచ్చుకుంటుంది. ఒంటి మీద దెబ్బయితే నేను కట్టు కట్టగలను, మాట దెబ్బకి ఎక్కడని కట్టేది?"

"మరేనండి."

"రెండు నిమిషాల చిప్ప ఒకటి చెయ్యమన్నాను."

"చేశానండి."

"అదే వెయ్యి. చిల్లు ఎవరూ చూడరు. నీకు మనస్కరించకపోతే చెప్పు, నొచ్చుకోను. ఇంకో మనిషిని చూసుకుంటాను."

నూకయ్య "చిత్తమండి" అని బయటికొచ్చి, చెవి మీదున్న సగం చుట్టని వెలిగించకుండానే పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అతనికి అలాంటి పని కొత్త కాదు. అదే అతని బాధ.

అంతకు ముందటేడు సత్యం అనే కుర్రాడు ఉండేవాడు. వాళ్ళమ్మ నాలుగిళ్ళల్లో వంట చేసి చదివించేది. ఒక సభలో ఒకడు ఆ తల్లి గురించి అయిదు నిమిషాలూ మాట్లాడేడు. ఏయే ఇళ్ళల్లో వండేది, ఆ ఇళ్ళల్లో ఇంకా ఏమేం చేసేది అంతా. రూలు రూలే గనక సత్యం కిందకి చూస్తూ విన్నాడు. పట్టా మోగగానే వేదికెక్కి, "మా అమ్మ చేతి వంట తిన్నవాళ్ళు ఈ హాల్లోనే" అన్నాడు. హాలు గోలెత్తిపోయింది. ప్రిన్సిపాలుగారు గొడవ ముదురుతుందని నూకయ్యకి సైగ చేశారు. నూకయ్య చూపుడువేలితో చిప్పని నీళ్ళలోకి అదిమి, గంట కొట్టాడు.

సత్యం నోరు మూసుకుని దిగిపోయాడు. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కాలువ వంతెన దాటాడు. మళ్ళీ రాలేదు. పటాలంలో చేరాడని కొందరు, గోదావర్లో దూకాడని కొందరు. నూకయ్య పడవ సరంగులందరినీ అడిగేవాడు. "ఆ బాబు 'ఈ హాల్లోనే' అన్నాక ఇంకేం చెప్పేవాడే?" అని భార్య అప్పాయమ్మనీ అడిగేవాడు. ఆవిడ, "నన్నడిగితే ఏం తెలుస్తాదయ్యా, నీ ఏలునడుగు," అనేది.

మధ్యాహ్నం నూకయ్య బావి దగ్గర బకెట్టు తోముతుంటే లాజరు వచ్చాడు. రాజోలు దగ్గర పల్లె అతనిది. తల్లి మార్తమ్మ మిషను ఆస్పత్రిలో ఆయా. ఎండుపుల్లలాంటి కుర్రాడు, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు.

"నూకయ్య బాబాయ్, నాకు అయిదు నిమిషాలూ కావాలండి. నాలుగున్నరకి సరిపోదు. చీకట్లో చదువుకుని చూసుకున్నాను."

"బాబూ, ఇవాళ మానేద్దురూ. ఆ తాతాజీగారి జట్టు బెంచీ కోళ్ళు ఊడదీసి పెట్టుకున్నారు. ఊడ్చేటప్పుడు చూశాను."

"కొడతారనే కదండీ అయిదు నిమిషాలు అడుగుతున్నాను. ఆ తరువాత కొట్టుకోమనండి."

నూకయ్య బావిలో చేద వదిలాడు. బకెట్టు నింపుకుని హాలు వైపు నడిచాడు. అతని సంచిలో రెండు చిప్పలున్నాయి. ఒకదాని చిల్లు వరిగింజంత, రెండోదానిది కందిగింజంత. హాలు గుమ్మం ముందు అతను కాస్సేపు ఆగడం నేను కళ్ళారా చూశాను. పెద్ద చిల్లు చిప్పని నేలమీద పెట్టి, మంచికాలి మడమతో తొక్కాడు. అది పగిలిన చప్పుడు చిన్నదే. ప్రిన్సిపాలుగారు లోపలి కుర్చీలోంచి తల తిప్పి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

లాజరు వేదికెక్కాడు. నూకయ్య చిప్పని నీళ్ళ మీద వదిలి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రెండేళ్ళుగా మీరందరూ లేచాక వెనక వరండాలో చల్లారిన అన్నం తింటున్నాను," అన్నాడు లాజరు. "అన్నం చల్లగా ఉంటే చచ్చిపోను. తాతాజీ క్లాసులో నా పక్కనే కూర్చుంటాడు. నా నోట్సు తీసుకెళ్ళి రాసుకుంటాడు, పరీక్ష పాసవుతాడు. నా చేతిరాత అతనికి అంటదు. నా కంచం అంటుతుంది."

తాతాజీ లేచాడు. కొత్తపేట పక్క పెద్ద రైతు కొడుకు. మంచి ఒడ్డూ పొడుగూ. "మా ఇళ్ళ ఆచారాన్ని తిడతావేంట్రా? మా అమ్మానాన్నల్ని అన్నట్టే ఇది. మేం మనుషులం కామేంటి, మాకు నొప్పుండదా?" అన్నాడు. అతని గొంతు నిజంగానే వణికింది. ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

"చిప్ప తేలుతుందండి బాబూ, కూర్చోండి," అన్నాడు నూకయ్య.

కూర్చోలేదు. వెనక బెంచీల కిందనుంచి ఊడదీసిన కోళ్ళు బయటికొచ్చాయి. గుమ్మం దగ్గర కుప్పలోంచి కర్రలు లోపలికొచ్చాయి. మొదటి దెబ్బ లాజరు నోటి మీద పడింది. పెదవి చీలి గడ్డం మీదికి వేలాడింది. అతన్ని సమర్థించే నలుగురైదుగురు అడ్డంపడ్డారు. ఒకడి మోచెయ్యి ఎండుమట్ట విరిగినట్టు విరిగింది. ఒకడు కన్ను మూసుకుని గోడ పట్టుకుని తిరుగుతున్నాడు; వేళ్ళ మధ్యనుంచి కారుతోంది. కిటికీ అద్దాలు పగిలి, ఆ పెంకులతో ఒకరినొకరు గీరుకున్నారు. రోజూ ఒకే కూజాలో నీళ్ళు తాగే పిల్లలు, పక్కపక్క ఊళ్ళవాళ్ళు.

ఇక్కడే నేను కెటిలు ఎత్తి పదకొండు మందిని పడగొట్టాలి. ఎత్తాను. ఎత్తి నెత్తిన బోర్లించుకుని మేష్టర్ల బల్ల కింద దూరాను. కాఫీ అంతా నా మెడ మీదే పోసుకున్నాను, ఆ బొబ్బల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధంలో తగిలిన గాయాలని మనవలకి చెబుతుంటాను. ఆ బల్ల కిందనుంచి నేను కళ్ళు తిప్పకుండా చూసింది రెండే రెండు. వేదిక మీద లాజరు, దిగువన బకెట్టు.

లాజరు ఆపలేదు. చీలిన పెదవిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని మాట్లాడుతున్నాడు. ఒక్క ముక్కా సరిగ్గా వినబడటం లేదు. అయినా పాదాలు కదల్లేదు.

"ముందు ఆ చిప్ప ముంచండ్రా," అన్నాడు తాతాజీ.

నూకయ్య బకెట్టుని చుట్టేసుకున్నాడు. మానుని పట్టుకున్నట్టే, రెండు చేతులూ రెండు మోకాళ్ళూ బిగించి, తల దాని మీదికి వంచి. ఒకడు కాలితో తన్నాడు. ఒకడు ఖాకీ చొక్కా కాలరు పట్టి లాగితే చొక్కా చిరిగింది గాని మనిషి రాలేదు. అరవై చెట్లెక్కిన పట్టు అది. అప్పుడు బెంచీకోడు దిగింది, చెవి వెనక. రెండోసారీ అక్కడే. పచ్చి బొండాన్ని కత్తితో కొట్టిన చప్పుడొచ్చింది. నెత్తురు చెంప మీదుగా జారి బకెట్టులోకి చుక్కలు చుక్కలుగా పడింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. చిప్ప ఇంకా అంచు మేర తేలుతోంది.

నూకయ్య దాన్ని వేలితో అదమలేదు.

లాజరు చివరికి ఏదో అని, చొక్కా చేత్తో సర్దుకుని దిగాడు. అదే క్షణాన చిప్ప మునిగింది. నూకయ్య పట్టు వదిలి లేచాడు. కుంటుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఇనుపకడ్డీ తీసి, పట్టా మీద ఒక్కటి కొట్టాడు. ఆ మోతకి కర్రలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాతాజీ చేతిలో కోడు జారి కింద పడింది. ఒక్కొక్కరే తలలొంచుకుని బయటికి నడిచారు.

నూకయ్య ఎవరి సాయం లేకుండా ఇంటికి వెళ్ళాడు. ప్రిన్సిపాలుగారు కట్టుగుడ్డ పట్టుకుని వెంటపడితే, "ముందు ఆ కన్ను పోయిన బాబుని చూడండి," అన్నాడట. ఇంటి దగ్గర అప్పాయమ్మ తల కడుగుతూ ఏడుస్తుంటే, "మునిగిందే. దానంతటదే మునిగింది," అన్నాడు. గంజి అడిగాడు. ఆవిడ గంజి చల్లార్చి తెచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. అతను గోడకి ఆనుకునే ఉన్నాడు. చుట్ట దెబ్బ తగలని చెవి మీదే ఉంది. ఆవిడ గిన్నె పక్కన పెట్టి, చాలాసేపు అతను లేస్తాడని చూసింది.

ఇందులో కల్పించింది ఒకటుంది, చెప్పేస్తాను. కెటిలు సంగతి మీరు ముందే నమ్మి ఉండరు గనక దాన్ని లెక్కలోంచి తీసేయండి. నేను కల్పించింది ఆ గంట. నూకయ్య లేవడం నిజం, పట్టా దాకా వెళ్ళడం నిజం, కడ్డీ తియ్యడం నిజం. చెయ్యి పైకి లేవలేదు. రెండుసార్లు ప్రయత్నించి కడ్డీని మెల్లిగా గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. కొట్లాట ఏ మోతకీ ఆగలేదు. కొట్టినవాళ్ళకి ఓపిక అయిపోయి ఆగింది. యాభై ఏళ్ళుగా ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ పట్టాని నేనే మోగిస్తున్నాను.

పొద్దుగూకే ముందు సొట్టలు పడ్డ కెటిలు కోసం హాల్లోకి వెళ్ళాను. ఎవరూ లేరు. బెంచీల మధ్య బకెట్టు నిలబడే ఉంది. నెత్తురు అడుగుకి దిగి, పైన నీళ్ళు తేటపడ్డాయి. అడుగున, వరిగింజంత చిల్లుతో, వెల్లకిలా పడి ఉంది చిప్ప.