పీతరాక్షసుడు లేవలేదు

ఆగస్టు ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా ఒసాకా డిపార్ట్‌మెంట్ స్టోర్ మేడ మీద పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. ప్రతి ఆదివారం టీవీలో చూసే మెరుపు వీరుడు కళ్ళెదుట నిలబడితే ఎండ ఎవరికి గుర్తుంటుంది?

వీరుడి తొడుగులో ఉన్నవాడు నగుమో. పీతరాక్షసుడి తొడుగులో ఉన్నది హతానక, నగుమోకి పడడం, దొర్లడం నేర్పిన పెద్దాయన. మాటలన్నీ టేపులోంచి వస్తాయి. లోపలి మనుషులు గొంతెత్తకూడదు. పిల్లల ముందు ముసుగు తీయడమైతే కలలో కూడా చేయరాని పాపం. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆగస్టులో రబ్బరు తొడుక్కుని ఉండడు.

నగుమో ఇంకా తన్ననే లేదు, పీత దబ్బున కూలింది.

పెద్దాయన మళ్ళీ సొంత పైత్యం కలుపుతున్నాడనుకున్నాడు నగుమో. వేదిక మీద చావడమంటే హతానకకు అంత సరదా. అందుకే తనూ తగ్గలేదు. పీత రొమ్ము మీద కాలు వేసి, రెండు పిడికిళ్ళూ పైకెత్తాడు.

"చంపెయ్! చంపెయ్!" పిల్లలు ఊగిపోయారు.

నగుమో వంగి గుసగుసలాడాడు. "లే అన్నా. టేపు ఇంకా బోలెడుంది."

పడినవాడు బాగానే ఉంటే చేతికున్న పీత కొండితో నేల తట్టాలి. అది వాళ్ళ అలవాటు. కొండి కదల్లేదు.

నగుమో పీతను బోర్లా దొర్లించాడు. తొడుగు జిప్పు వీపు మీద ఉంది. లావుపాటి గ్లవ్స్‌కు అది చిక్కదు, ముసుగు కన్నాల్లోంచి కనబడదు. ఒక్క క్షణం పిల్లలకేసి చూశాడు. తర్వాత గ్లవ్స్ విసిరేసి, తన ముసుగు పీకి పారేసి, జిప్పు లాగాడు.

"నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండి!"

స్పీకర్లలో వీరుడి గంభీర స్వరం మోగుతూనే ఉంది: "దుష్టుడా, నీ ఆట కట్టు!"

పిల్లల కేకలు ఆగిపోయాయి. ముందు వరస పాప చెమటోడుతున్న ఆ ముఖాన్ని చూసి, "అమ్మా, వీడెవడే?" అని ఏడుపు లంకించుకుంది.

వేదిక వెనక నీడలో, మెడకింద ఐసు పెట్టాక హతానక కళ్ళు తెరిచాడు.

"పిల్లలు చూశారా?"

"చూశారన్నా."

"సిగ్గులేదట్రా నీకు? ఇదేనా నేను నేర్పింది?"

"నువ్వు చచ్చిపోయేవాడివన్నా!"

"పోతే పోయేవాణ్ణి. రాక్షసుడు చచ్చాడని చప్పట్లు కొట్టేవాళ్ళు."

పెద్దాయన ఆ మాట పరాచికానికి అనలేదు. అది తెలిసి నగుమో అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.