మనసులో చదువుకో

అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్ మూడో అంతస్తు గదిలో, గోడకు మూడు టైంటేబుళ్లు అంటించి ఉన్నాయి. మూడూ సుష్మితవే. మెట్రో మెట్ల దగ్గర వద్దన్నా చేతిలో కుక్కే జావా కోచింగ్, పైథాన్ కోచింగ్ కరపత్రాల వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, దాని మీద స్కెచ్ పెన్నులతో గీసింది. మొదటిదానిలో పొద్దున నాలుగున్నరకు లేవడం ఉంది. రెండోదానిలో అది ఆరయింది. మూడోదానికి వచ్చేసరికి లేచే ఊసే లేదు, కెమిస్ట్రీ కెమిస్ట్రీ కెమిస్ట్రీ అని ఎర్రగా రాసి ఉంది, అంతే. టైంటేబుల్ గీయడంలో ఆ పిల్లను మించినవాళ్లు ఆ హాస్టల్లో లేరు. చదవడం ఒక్కటే కుదరడం లేదు.

సుష్మితది జమ్మికుంట. తండ్రి హనుమాండ్లుకు అక్కడ మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. ఇంటర్ రెండేళ్లూ కరీంనగర్‌లో హాస్టల్ ఉన్న కాలేజీలో చదివింది. చదివింది అనేకంటే అరిచింది అనాలి. స్టడీ అవర్ గంట కొట్టగానే ఎనభై మంది ఆడపిల్లలు ఒకే హాల్లో కూర్చుని గొంతెత్తి చదవాలి. గొంతు ఆగిందంటే మేడం వెనకనుంచి వచ్చి స్కేలుతో భుజం మీద తట్టేది. ఆ గోలలో ఎవరి మాట వాళ్లకే వినబడదు, అయినా పాఠం ఎలాగో వచ్చేసేది. ఇంట్లోనూ అదే పద్ధతి. ఆమె లోపల గట్టిగా చదువుతుంటే ముందర షాపులో రాగితీగ చుట్టుకుంటున్న హనుమాండ్లుకు వినబడేది. వినబడితేనే బిడ్డ చదువుతున్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇప్పుడు పంజాగుట్టలో బీఎస్సీ మొదటి సంవత్సరం. ఇక్కడ చదవమని గంట కొట్టేవాళ్లు లేరు, లేపేవాళ్లు లేరు. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. భీమవరం నుంచి వచ్చిన మంజూష అమెరికా వాళ్ల వేళలకు ఉద్యోగం చేసి పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటుంది, సాయంత్రం దాకా లేవదు. మిగతా ఇద్దరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లాప్‌టాప్‌లలో తల దూర్చి ఉంటారు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు.

వచ్చిన కొత్తలో ఒక ఆదివారం సుష్మిత అలవాటుకొద్దీ గొంతెత్తింది. రెండు వాక్యాలు కాకముందే మంజూష దుప్పట్లోంచి తల బయటపెట్టింది.

"ఏంటమ్మా ఇది, మైకు మింగినట్టు! మనసులో చదువుకోవచ్చు కదా."

"మనసుల చదువుడు నాకు రాదక్కా."

మంజూష పకపకా నవ్వి మళ్లీ ముసుగు పెట్టింది. ఆమె అది జోక్ అనుకుంది. జోక్ కాదు. పద్దెనిమిదేళ్లు వచ్చినా మనసులో చదవడమంటే ఏమిటో ఆ పిల్లకు నిజంగానే తెలియదు. నోరు మూసుకుని పుస్తకం చూస్తే కళ్లు లైన్ల మీద నడిచేవి, బుర్ర మాత్రం ఎటో వెళ్లిపోయేది. మధ్యాహ్నం మెస్‌లో పులుసు ఎందుకంత పుల్లగా ఉందో ఆలోచించేది. గంట తర్వాత చూసుకుంటే అదే పేజీ, అదే లైను. ఆ భయంలో స్కెచ్ పెన్నులు తీసి ఇంకో టైంటేబుల్ గీసేది. గీస్తున్నంతసేపూ చదివినంత తృప్తిగా ఉండేది చూడండి, అదే ఆ పిల్ల కొంప ముంచింది.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో పెదాలు కదుపుతోందని, పక్కదానికి చెబుతోందనుకుని, లెక్చరర్ ఆమెను ముందు బెంచీకి మార్చింది. కరీంనగర్‌లో అయితే అందరూ తెలిసినవాళ్లే, ఎంత గొణుక్కున్నా పట్టించుకునేవాళ్లు కాదు. ఇక్కడ నోరు మూతపడగానే చదివిన నాలుగు ముక్కలూ ఎగిరిపోయాయి. మిగతా సబ్జెక్టుల్లో ఎలాగో గట్టెక్కింది గానీ కెమిస్ట్రీలో నలభైకి ఏడు వచ్చాయి.

వాళ్ల కాలేజీలో రెండు ఇంటర్నల్స్ సగటు పద్నాలుగు ఉండాలి. లేకపోతే సెమిస్టర్ పరీక్షకు హాల్‌టికెట్ ఇవ్వరు. అంటే రెండోదానిలో ఇరవై ఒకటి రావాలి, ఇరవై వచ్చినా లాభం లేదు. హైదరాబాద్ పంపేటప్పుడే హనుమాండ్లు తెగేసి చెప్పాడు. "ఒక్క సెమిస్టర్ జూస్త బిడ్డా. హాల్‌టికెట్ గూడ రాకపోతే తోలుకొచ్చుకుంట. మీ మేనత్త దుకాణంల చీరెలు మడత పెడుదువు." ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు.

"చదువుతున్నవా బిడ్డా?"

"చదువుతున్న బాపూ."

"మరి సప్పుడు ఇనబడుతలేదేంది?"

ఏదో క్లాసు ఉందని పెట్టేసేది. పెట్టేసి, అబద్ధం చెప్పినందుకు ఫోన్ వైపు చూడలేక దిండు కింద దూర్చేసేది.

రెండో ఇంటర్నల్ ఇంక పదిరోజులుందనగా సుష్మిత చోటు వెతుక్కోవడం మొదలుపెట్టింది. గట్టిగా చదవడానికి ఒక్క చోటు. ఇంత పెద్ద ఊళ్లో దొరకదా అనుకుంది. హాస్టల్ డాబాకు తాళం. మెట్ల మీద కూర్చుంటే కింది అంతస్తు వాళ్లు హాస్టల్ నడిపే ఆంటీకి ఫిర్యాదు చేశారు. స్నానాలగదిలో బకెట్ బోర్లించి కూర్చుంటే బయట క్యూలో ఉన్నవాళ్లు తలుపు విరగ్గొట్టినంత పని చేశారు. చివరికి కాలేజీ అయ్యాక పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఒక స్తంభానికి ఆనుకుని నోట్సు తెరిచింది. అక్కడ హారన్ల మోతలో ఎంత అరిచినా ఎవరికీ ఇబ్బంది లేదు. పావుగంట బాగానే సాగింది. అంతలో ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏమైంది చెల్లె? ఒక్కదానివే మాట్లాడుకుంటున్నవ్. ఇంట్ల ఏమన్న లొల్లా? ఎవలకన్న ఫోన్ జెయ్యాల్నా?"

మంచిగానే అడిగాడు పాపం. ఆ మంచితనమే ఆమెను పడగొట్టింది. ఏమీ లేదన్నా అని చెప్పబోయి భోరుమంది. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి చూస్తుంటే సిగ్గుతో చచ్చినంత పనై, ముందు ఆగిన షేర్ ఆటోలోకి ఎక్కేసింది. నాతో కాదు, నాతో కాదు, ఇంటికి పోయి చీరలు మడత పెట్టుకోవడమే నయం అని ఏడుస్తూ కూర్చుంది. అమీర్‌పేట వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు.

"కృష్ణానగర్. లాస్ట్ స్టాపు. దిగుండ్రి," అన్నాడు ఆటో అతను.

దిగి, ఎటు పోవాలో తెలియక అక్కడున్న చిన్న పార్కులోకి నడిచింది. లోపల ఒక పెద్దాయన, అరవై ఏళ్లుంటాయి, జుట్టుకు నల్లరంగు వేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, వేపచెట్టుకు వేలు చూపిస్తూ అరుస్తున్నాడు.

"నా కొడుకుని పొట్టన పెట్టుకుంది నువ్వేరా! నా కళ్లలోకి చూసి చెప్పు!"

సుష్మిత బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. చుట్టూ చూస్తే పల్లీలు తింటున్న ఆడవాళ్లు పల్లీలు తింటూనే ఉన్నారు. ఇంకో మూల ఇద్దరు కుర్రాళ్లు ఒకరి కాలర్ ఒకరు పట్టుకుని సవాళ్లు విసురుకుంటున్నారు. ఎవరూ తల తిప్పి చూడటం లేదు. సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లతో నిండిపోయిన పేట అది. గాలితో మాట్లాడేవాళ్లు అక్కడ వింత కాదు.

ఆ సంగతి అర్థం కావడానికి ఆమెకు అయిదు నిమిషాలు పట్టింది. అర్థం కాగానే బెంచీ మీద కూర్చుని, ముక్కు తుడుచుకుని, నోట్సు తీసి మూడు నెలల కరువు తీరేలా గొంతెత్తింది. మార్కోవ్నికాఫ్ రూల్ మొదలుపెట్టి ఆపకుండా ఆరు పేజీలు చదివేసింది.

"బాగుందమ్మాయ్, గొంతు ఖంగుమంటోంది," అన్నాడు పెద్దాయన దగ్గరికొచ్చి. "ఏ సీరియలు?"

"కెమిస్ట్రీ, అంకుల్."

"పేరు వెరైటీగా ఉందే. ఆ మార్కోవ్నికాఫ్ ఎవరు, విలనా?"

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. ఆయన పేరు జోగారావు, కాకినాడ నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఆ రూల్ ఏమిటో చెప్పేదాకా వదల్లేదు. హైడ్రోజన్లు ఎక్కువున్న కార్బన్‌కే కొత్త హైడ్రోజన్ పోయి చేరుతుందని ఆమె చెప్పింది. "ఉన్నవాడికే ఇంకా చేరుతుందన్నమాట. మా ఫీల్డూ అంతేనమ్మా," అన్నాడు జోగారావు.

మర్నాడూ వచ్చింది. కాలేజీ వదలగానే ఆటో, అయిదింటికి బెంచీ, ఏడింటి దాకా చదువు. ఏడైతే జోగారావు గది ఓనర్ గేటు మూసేస్తాడు కాబట్టి ఆయన లేచేవాడు, ఆమె కూడా లేచేది. టైంటేబుల్ అంటూ ఏమీ లేదు. రాగానే "నిన్న ఎక్కడ ఆపావు?" అని ఆయన అడిగేవాడు, అక్కడినుంచి మొదలుపెట్టేది. గోడమీది కాగితాల వైపు చూడటమే మానేసింది.

నాలుగో రోజు ఆమెకు ముందు బెంచీ గుర్తొచ్చింది. చదవడం ఆపేసింది.

"అంకుల్, ఇక్కడైతే వస్తది. పరీక్షల నోరు మూసుకోమంటరు. అప్పుడు ఒక్క ముక్క యాదికుండదు. మనసుల చదువుడు నాకు రాదు."

జోగారావు నవ్వలేదు.

"నా పనేంటో తెలుసా అమ్మాయ్? హీరో పెళ్లవుతుంటే వెనకాల చుట్టాల్లో కూర్చుంటాను. కోర్టు సీనైతే జనంలో ఉంటాను. పక్కవాడితో మాట్లాడుతున్నట్టుండాలి, సౌండ్ మాత్రం రాకూడదు. వస్తే టేక్ పోతుంది, ఆ రోజుకి మన పనీ పోతుంది. ఇరవై ఆరేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాను, ఒక్క మాట ఎవరికీ వినబడలేదు."

"మరి గా చెట్టుతోని చెప్పే డైలాగులు?"

"ఎవరైనా ఎప్పుడైనా అడుగుతారేమోనని." గొంతు సవరించుకున్నాడు. "అది సరే. సౌండ్ లేకుండా మాట్లాడటం నేర్పమంటావా? ముందు గట్టిగా చెప్పు. తర్వాత నాకు మాత్రం వినబడేలా. తర్వాత ఉత్త పెదాలు. ఆ తర్వాత పెదాలూ మూసెయ్. అప్పుడు కూడా గొంతులో మాట తిరుగుతూనే ఉంటుంది. దాన్ని వదలకుండా పట్టుకోవాలి. అంతే విద్య."

చెప్పినంత తేలిక కాలేదు. ఉత్త పెదాల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పులుసు గుర్తొచ్చేది. ఏడో రోజు నోట్సు విసిరికొట్టి, నాతో కాదు అంకుల్, నన్ను ఇంటికి పోనీయండి అని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. జోగారావు కాగితాలన్నీ ఏరుకొచ్చాడు. "నేను మొదట్లో మూడు టేకులు పాడుచేసి గెంటించుకున్నాను. నువ్వింకా ఒక్క పరీక్షే పాడుచేశావు," అని మళ్లీ మొదటి పేజీ తీశాడు.

పరీక్ష రోజు అదే లెక్చరర్. పేపర్ ఇచ్చి సరాసరి సుష్మిత బెంచీ దగ్గరే నిలబడింది. మొదటి ప్రశ్నే మార్కోవ్నికాఫ్. సుష్మిత పెదాలు వాటంతటవే కదిలాయి.

"ఏయ్! ఇంకోసారి పెదాలు కదిలాయంటే పేపర్ లాగేసుకుంటా."

పెదాలు పళ్లకింద బిగించింది. బుర్రంతా ఖాళీ అయిపోయింది. పది నిమిషాలు పోయాయి, పావుగంట పోయింది. మేనత్త దుకాణం, చీరల దొంతరలు, షాపులో తలవంచుకుని తీగ చుట్టుకునే బాపు, అన్నీ కళ్లముందు తిరిగాయి. అయిపోయింది అనుకుంది. గట్టిగా కళ్లు మూసుకుంది. అప్పుడు గొంతులో, చాలా అడుగున, ఏదో కదిలింది. నిన్న ఎక్కడ ఆపావు? సుష్మిత ఆ మాట పట్టుకుంది. దాని వెనకే తన గొంతే ఖంగుమని లోపల మొదలైంది. కలం అందుకుని, గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

వారం తర్వాత కాలేజీ బోర్డు మీద మార్కులు పెట్టారు. తన నంబరు ఎదురుగా ఉన్న అంకెను మూడుసార్లు చూసింది, పక్క లైనుది కాదు కదా అని వేలు పెట్టి చూసింది. బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది.

"సప్పుడు ఇనబడుతలేదు బిడ్డా," అన్నాడు హనుమాండ్లు.

"ఇంక ఇనబడదు బాపూ. ఇనబడకుండ చదువుడు నేర్చుకున్న. హాల్‌టికెట్ వస్తది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

కృష్ణానగర్‌లో దిగేసరికి పార్కు ఎదుటి రోడ్డు ట్రాఫిక్‌తో బిగుసుకుపోయి ఉంది. అవతల గేటు దగ్గర జోగారావు నిలబడి ఉన్నాడు, ఆమెను చూసి, ఎన్ని అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆ హారన్లలో అరిచినా లాభం లేదు. సుష్మిత సౌండ్ లేకుండా, ఉత్త పెదాలతో చెప్పింది. ఇరవై ఒకటి.

జోగారావు రెండు చేతులూ పైకెత్తేశాడు. ఇరవై ఆరేళ్లలో సౌండ్ లేని మాట ఒకటి ఆయనకు అందడం అదే మొదటిసారి కావచ్చు. కళ్లు తుడుచుకుని, ఆయన కూడా సౌండ్ లేకుండానే ఏదో అడిగాడు. బస్సు అడ్డం వచ్చింది, పోయింది. ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి ఆమెకు అందింది.

సెమిస్టర్ పరీక్ష ఎప్పుడు?