పోలయ్య పేరు

విమలకుమారి కుదురుగా కూర్చోలేకపోతోంది. కుర్చీలో ఒకసారి ముందుకు జరుగుతుంది, ఒకసారి వెనక్కి. చాండ్లర్ పార్కులో పొద్దుటి ఎండ అప్పుడే షామియానా గుడ్డలోంచి దిగుతోంది.

వీళ్ల తెలుగు క్రైస్తవ సంఘానికి ఆదివారాలు తమ గుడిలో చోటిచ్చే నల్లజాతి వాళ్ల చర్చి, బానిసత్వం ముగిసిన రోజు పండగకి వీళ్లనీ పిలిచింది. కూతురు జోసఫిన్‌తో వచ్చిందామె. జోసఫిన్ ఆఫీసులో మేనేజరైన ఉమాకాంత్ కూడా పిల్లలకి పండగ చూపించడానికి వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"ఆంటీ, మీది గోదావరి సైడ్ అటగా. ఎవరి తాలూకు?" అన్నాడు.

"మా తాతల కాలం నుంచీ అందరూ టీచర్లేనండీ," అంది జోసఫిన్ చప్పున. తల్లి నేర్పిన మాటే అది.

ముందు వరసలో చర్చి పెద్దవాళ్లు ఒక్కొక్కరే లేచి, చెంబుతో నీళ్లు నేల మీద పోసి, బానిసలుగా బతికిన తమవాళ్ల పేర్లు చెబుతున్నారు. ఒక ముసలామె పేరు చెప్పలేకపోయింది. "మా ముత్తవ్వ. ఆమెని ఏమని పిలిచేవారో మాకెవరికీ తెలీదు," అని నీళ్లు పోసి కూర్చుంది.

విమలకుమారి లేచింది.

"రెస్ట్‌రూమ్‌కా అమ్మా?"

"కాదు."

"మరి కూర్చో. అందరూ చూస్తున్నారు."

ఆమె అప్పటికే నడుస్తోంది. చెంబు అందుకుని నీళ్లు పోసింది. తెలుగులోనే చెప్పింది. "మా తాత పోలయ్య. కామందు గొడ్ల చావిట్లో పుట్టాడు, అక్కడే పోయాడు. మా నాయనమ్మ చచ్చిపోయిన రోజు కూడా ఆయన్ని అరక వదలనివ్వలేదు."

పాస్టరు మైకు జోసఫిన్ చేతికిచ్చి, అమ్మ ఏమందో చెప్పమన్నాడు. జోసఫిన్ ఉమాకాంత్ వైపు చూసింది. అతను తల వంచి ఫోన్ చూసుకుంటున్నాడు.

"అమ్మ చెప్పింది మా ముత్తాత గురించి," అంది ఇంగ్లీషులో. "పేరు పోలయ్య. ఆయనకి స్వేచ్ఛ లేదు."

జనం ఆ పేరుని తమకు వచ్చినట్టు పలికారు. ఇందాకటి ముసలామె వచ్చి విమలకుమారి చెయ్యి పట్టుకుంది.

జోసఫిన్ మొదటి సిగ్నల్ దగ్గర కారు ఆపి తల్లి వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎవరి ముందూ తల దించుకోకూడదని."

"రేపు ఆఫీస్‌కి వెళ్లాలి నేను."

"ఏమంటారే?"

"ఏమీ అనరు. లంచ్‌కి పిలవడం మానేస్తారు, అంతే."

సిగ్నల్ ఆకుపచ్చగా మారింది. కారు కదల్లేదు. వెనక హారన్ మోగింది.

"ఆ చావిడి ఏ ఊళ్లోనమ్మా?" అంది జోసఫిన్, స్టీరింగ్ వదలకుండానే.