మొద్దు ఆగిన పాయ

దున్నపోతు మీద వాన కురిసినట్టు అనే సామెత పుట్టించిన మహానుభావుడెవరో కొల్లేటి లంకలో ఉండే విశ్వాసం అనే రైతు దున్నను చూసి ఉండడు. పేరుకే అది మొద్దు. కొల్లేటికి కొత్తనీరు వచ్చి బండిదారులు మునిగాక, లంకల్లో ఎవరైనా పగ్గం వదిలేసి దున్ననే దారి వెతుక్కోనిస్తారు. తెలిసిన నేలైతే మొద్దు గబగబా సాగేది. ఊబి ఉందని పసిగడితే పక్కకు తిరిగేది. ఎటూ తేలని చోట మాత్రం ఒక కాలు నీళ్ళలో పెట్టి, తీసి, వెనక్కి తిరిగి యజమాని మొహంలోకి చూసేది.

తనకు తెలియదన్న సంగతి దానికి తెలుసని విశ్వాసం ఎంత చెప్పినా బడిపంతులు నిత్యానందంగారు నవ్వేవారు. పశువుకు ఆలోచనంటూ ఉంటే ఉండవచ్చుగాని, తన ఆలోచనను తానే తూచుకునే తెలివి దేవుడు మనిషికే ఇచ్చాడనేవారు. విశ్వాసం ఇంటికొచ్చి మొద్దుకు ఇంకో గుప్పెడు తవుడు పెట్టేవాడు.

పందొమ్మిది వందల ముప్పై నాలుగులో, కొత్తనీటితోపాటే లంకలోకి కలరా వచ్చింది. ఒక ఉదయం అతని భార్య హన్నమ్మకు పట్టుకుంది. కాసేపట్లోనే కళ్ళు లోపలికి పోయాయి. ఏలూరు తీసుకెళ్ళి సూదిమందు వేయిస్తే బతుకుతుందని అందరూ అన్నారు. నీళ్ళింకా దోనె నడిచేంత లేవు. బండిలో గడ్డి పరిచి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుని విశ్వాసం బయలుదేరాడు.

సగం దారిలో ఒక నీటిపాయ దగ్గర మొద్దు ఆగింది. కాలు పెట్టింది, తీసింది, వెనక్కి చూసింది.

హన్నమ్మ అతికష్టం మీద అడిగింది. "ఏవండీ, ఏమంటందది?"

"వద్దంటంది" అన్నాడు విశ్వాసం.

కొట్టి దింపుదామా అనుకున్నాడు. బండి దిగబడితే ఇద్దరం పోతామని భయపడ్డాడు. అదే తేల్చుకుంటుందిలెమ్మని కూర్చున్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చునేవాడు, కాసేపటికి మొద్దు ముందుకో పక్కకో కదిలేది. ఆ రోజు కదలలేదు. మళ్ళీ మళ్ళీ అతనివైపే చూసింది. హన్నమ్మ నీళ్ళడిగింది, తాగింది, కక్కుకుంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆమె చెయ్యి అతని చేతిలోనే చల్లబడిపోయింది. పాపం, ఒక్క నిష్ఠూరమైనా ఆడకుండా పోయింది.

అప్పుడు ఆవలి ఒడ్డున ఆమె తమ్ముడు కృపావరం కనిపించాడు. అక్కకు జబ్బని కబురంది పరుగెత్తుకొస్తున్నవాడు ఆలోచించకుండా పాయలో దిగి నడిచాడు. నీళ్ళు అతని మోకాళ్ళు దాటలేదు.

అక్కను చూసి బండిచక్రం పట్టుకుని కూలబడ్డాడు. ఇక్కడెందుకు ఆగారని బావను నిలదీశాడు. మొద్దు ఆగిందని వినగానే లేచి చెర్నాకోల అందుకున్నాడు.

విశ్వాసం ఆ చెయ్యి పట్టుకున్నాడు. "దాన్నేమీ అనకురా. అది వద్దనలేదు. నాకు తెలీదు, నువ్వు చూడమంది. దిగి చూడాల్సినోణ్ణి నేను. దానికి తెలీదని దానికి తెలిసింది. నాకు తెలీదని నాకే తెలీలేదురా."

కృపావరం చెర్నాకోల పడేసి ఏడ్చాడు. ఇక ఇంటికే తిప్పుదామన్నాడు. విశ్వాసం వినిపించుకోలేదు. హన్నమ్మ తలను మెల్లగా గడ్డి మీద పెట్టి, బండి దిగి పాయలోకి నడిచాడు. అడుగడుక్కీ కాలికింద గట్టినేల తగులుతుంటే గుండెలు బాదుకుంటూ నడిచాడు. అతను దిగడం చూసి మొద్దు కూడా కదిలింది. హన్నమ్మ ఉన్న బండిని లాక్కుంటూ, ఎక్కడా ఆగకుండా, అతని వెనకే ఆవలి ఒడ్డుకు వచ్చేసింది.